కనిపించని వేట, కలవని లెక్కలు

ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, బ్రిస్బేన్ నగరానికి ఎదురుగా మోర్టన్ అనే దీవి ఉంది. ఆ దీవిలోని టాంగలూమాలో 1952లో తిమింగలాల వేట కేంద్రం ఒకటి తెరిచారు. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఏటా చలికాలంలో అంటార్కిటికా వైపు నుంచి ఉత్తరానికి ఈదుకుంటూ ఆ దీవి పక్క నుంచే వెళతాయి. దక్షిణ సముద్రంలో వేసవంతా కడుపునిండా తిని, వెచ్చటి నీళ్లలో పిల్లల్ని కనడానికి సాగే ప్రయాణం అది. వాటి దారి తెలుసు, వచ్చే నెలలు తెలుసు. అందుకే మొదట్లో వేట చాలా సులువుగా సాగింది. 1960 దాటాక పరిస్థితి తిరగబడింది. వేట పడవలు ఎంత దూరం తిరిగినా తిమింగలాలు కనిపించలేదు. 1962లో కేంద్రం మూతపడింది. అప్పటికి అక్కడ 6 వేలకు పైగా హంప్‌బ్యాక్‌లను కోశారు. అదే తీరంలోని బైరన్ బే కేంద్రాన్నీ ఆ ఏడాదే మూసేశారు. న్యూజీలాండ్ వేటగాళ్లకూ అదే గతి పట్టింది.

శాస్త్రవేత్తలను కలవరపెట్టిన విషయం వేరే ఉంది. తీరకేంద్రాల్లో కోసినవీ, వివిధ దేశాల ఓడలు అంటార్కిటికాలో పట్టామని చెప్పినవీ కూడినా, అంత పెద్ద గుంపు అంత హఠాత్తుగా కరిగిపోవడానికి ఆ సంఖ్య చాలదు. రోగం వచ్చిందా? దారి మార్చుకున్నాయా? జవాబు దొరకడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1993లో రష్యా జీవశాస్త్రవేత్త అలెక్సీ యాబ్లకోవ్ అమెరికాలో జరిగిన ఒక సదస్సులో, సోవియట్ వేట ఓడల బృందాలు దశాబ్దాలపాటు అంతర్జాతీయ తిమింగలాల కమిషన్‌కు దొంగ లెక్కలు ఇచ్చాయని బయటపెట్టాడు. 1948 నుంచి 1973 వరకు దక్షిణార్ధగోళంలో తాము చంపిన హంప్‌బ్యాక్‌లు 2,710 అని సోవియట్ యూనియన్ చెప్పింది. నిజంగా చంపినవి 48 వేలకు పైగా. అందులో దాదాపు 25 వేలు 1959-61 మధ్య రెండే రెండు వేట సీజన్లలో, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకు దక్షిణాన ఉన్న నీళ్లలో చచ్చాయి. టాంగలూమాకు రావలసిన తిమింగలాలు అవే.

తిమింగలాల వేట మీద గొడవ మొదలైతే మనవాళ్ల చర్చ వెంటనే రెండు గట్లుగా చీలిపోతుంది. ఒకవైపు జాలి, ఇంకొకవైపు ఆచారం. రెండూ నిజమైనవే. కానీ ఈ పోరాట చరిత్రను దగ్గరగా చదివితే అసలు తగాదా ఇంకోచోట ఉందనిపిస్తుంది. తీరానికి వందల మైళ్ల దూరంలో, ఎవరూ చూడని చోట జరిగే పనికి లెక్క రాసేదెవరు? ఆ లెక్క సరైనదో కాదో చూసేదెవరు? గత యాభై ఏళ్లలో ఈ రంగంలో జరిగిన మంచిలోనూ చెడులోనూ ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

వేట ఇంత పెద్దదవడానికి కారణం ఆకలి ఒక్కటే కాదు. 1860లలో నార్వేకు చెందిన స్వెండ్ ఫోయిన్ ఆవిరి పడవ ముక్కు మీద ఫిరంగి బిగించి, శరీరంలో దిగాక పేలే హార్పూన్‌ను తయారుచేశాడు. అంతకుముందు తెడ్ల పడవలకు అందకుండా పారిపోయే నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం ఆ తర్వాత తప్పించుకోలేకపోయాయి. ద్రవనూనెను గట్టి కొవ్వుగా మార్చే హైడ్రోజనీకరణ 20వ శతాబ్దం తొలినాళ్లలో వచ్చింది. దాంతో తిమింగలం నూనె మార్గరిన్‌గా యూరప్ రొట్టెల మీదికెక్కింది. సబ్బు తయారీలో మిగిలే గ్లిజరిన్ మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థాల్లోకి వెళ్లింది. 1925లో ‘లాన్సింగ్’ అనే ఓడకు వెనకభాగంలో ఏటవాలు దారి పెట్టారు. ఆ దారిన తిమింగలాన్ని ఓడమీదికే లాగి నడిసముద్రంలో కోసెయ్యొచ్చు. తీరానికి రావలసిన పని లేదు, కాబట్టి ఏ ప్రభుత్వ అధికారి కంటా పడవలసిన పనీ లేదు. 1930-31 సీజన్ ఒక్కదానిలోనే సుమారు 29 వేల నీలి తిమింగలాలను చంపారు. 20వ శతాబ్దం మొత్తం మీద చంపిన పెద్ద తిమింగలాల సంఖ్య దాదాపు 29 లక్షలని పరిశోధకుల అంచనా.

కట్టడి చెయ్యాలన్న ఆలోచన రాకపోలేదు. 1946 డిసెంబరు 2న వాషింగ్టన్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, దాని కింద తిమింగలాల కమిషన్ ఏర్పడింది. అది మొదట వాడిన కొలమానం ‘నీలి తిమింగలం యూనిట్’. ఒక నీలి తిమింగలానికి రెండు ఫిన్‌లు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సేయ్ తిమింగలాలు సమానమని లెక్క. నూనె ఎంత వస్తుందో చూసి కట్టిన లెక్క అది. అడవి నరుకుడుకు అనుమతి ఇస్తూ టేకూ సరుగుడూ ఒకే టన్నుల పద్దులో రాసుకోమన్నట్టు, ఏ జాతి ఎంత మిగిలిందన్న ప్రశ్నే అందులో లేదు. పైగా మొత్తం కోటా అందరికీ ఉమ్మడి. సీజన్ మొదలైన రోజునుంచి ఎవరు ముందు చంపితే వాళ్లది. కంపెనీలు ఇంకా వేగమైన పడవలు కొన్నాయి, పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి కోటా తగ్గించొద్దని తమ ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చాయి. అంటార్కిటిక్ నీలి తిమింగలాలు వేటకు ముందు 2 లక్షలకు పైనే ఉండేవి. 1970ల తొలినాటికి కొన్ని వందలే మిగిలాయని తర్వాతి అంచనాలు చెబుతున్నాయి. ఆడ తిమింగలం రెండు మూడేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. ఆ పిల్ల ఈడుకు రావడానికి మరెన్నో ఏళ్లు. చేపల మాదిరి లక్షల గుడ్లు పెట్టే జంతువు కాదు, ఒక తరం పోతే మళ్లీ నిలదొక్కుకోవడానికి శతాబ్దం పట్టవచ్చు.

సోవియట్ మోసం వెనక మాంసం కోసం ఆరాటం కూడా పెద్దగా లేదు. ప్రణాళికా లక్ష్యం టన్నుల్లో ఉండేది, నిరుటి లెక్కను ఈ ఏడు మించాలి, మించితే ఓడ సిబ్బందికి బోనస్. ఎన్నోసార్లు పైకొవ్వు మాత్రం ఒలిచి మిగతా కళేబరాన్ని సముద్రంలోకి నెట్టేశారు. అసలు నివేదికలు రహస్యంగా అధికారుల దగ్గరుండేవి, కమిషన్‌కు వెళ్లేవి వేరే. ఓడల మీదున్న జీవశాస్త్రవేత్తలకు నిజం తెలుసు, నోరు విప్పితే ఉద్యోగం పోవడం ఒక్కటే శిక్ష కాని రోజులవి. ద్మిత్రీ తోర్మోసోవ్ అనే శాస్త్రవేత్త అసలు రికార్డుల ప్రతులను వేల పుటల మేర తన ఇంటి బంగాళాదుంపల నేలమాళిగలో దాచాడు. ఎవరైనా అడిగే రోజు వస్తుందని అన్నేళ్లు కాపాడిన ఆ మనిషిని నేను ఈ కథలో అందరికంటే ఎక్కువగా గౌరవిస్తాను.

ఆ వేట మన పొరుగు నీళ్లకూ వచ్చింది. 1965, 1966 సంవత్సరాల్లో సోవియట్ ఓడలు అరేబియా సముద్రంలో, ఒమన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల దగ్గర 242 హంప్‌బ్యాక్‌లను చంపాయి. 242 అంటే చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. కానీ ఈ తిమింగలాలు ప్రపంచంలో మరెక్కడా లేనివి. మిగతా హంప్‌బ్యాక్‌లు ధ్రువాలకు వెళ్లి తింటే, ఇవి ఎక్కడికీ పోవు. నైరుతి రుతుపవనాలు ఉపరితల నీటిని నెట్టేసినప్పుడు అడుగునుంచి పోషకాలు పైకి వస్తాయి. వాటివల్ల పెరిగే చేపలూ రొయ్యజాతి జీవులే వీటి తిండి. జన్యుపరంగా సుమారు 70 వేల ఏళ్లుగా వేరుపడి బతుకుతున్న గుంపు ఇది. ఒమన్ తీరంలో ఇప్పుడు వంద కంటే తక్కువే ఉన్నాయని అంచనా.

ఓడల మీద ఇతర దేశాల పరిశీలకులు ఉండాలని కమిషన్‌లో 1950లలోనే ప్రతిపాదన వచ్చింది. అమలయింది మాత్రం 1972లో. అప్పటికి చంపడానికి మిగిలినవే తక్కువ. ఆ పదిహేనేళ్ల జాప్యం ఎన్ని వేల ప్రాణాలు తీసిందో చూస్తే, అదే ఏడాది స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు పదేళ్ల వేట విరామం కోరినా కమిషన్ ఒప్పుకోనప్పుడు, సామాన్యులకు ఆ సంస్థ మీద నమ్మకం ఎందుకు పోయిందో అర్థమవుతుంది.

అదే కాలంలో తిమింగలం గొంతు జనానికి వినిపించింది. అమెరికా నావికాదళం కోసం బెర్ముడాలో పనిచేసిన ఫ్రాంక్ వాట్లింగ్టన్ నీటి అడుగు మైకుల్లో రికార్డు చేసిన శబ్దాలను రోజర్ పేన్, స్కాట్ మెక్వే విశ్లేషించారు. అవి చెల్లాచెదురు అరుపులు కావు, ఒక వరసలో మళ్లీ మళ్లీ వచ్చే పాటలని 1971లో ప్రకటించారు. అంతకు ముందు ఏడాదే ఆ శబ్దాలు గ్రామఫోన్ రికార్డుగా వచ్చాయి. నూనె పీపాల్లో కొలిచే జంతువుకు ఒక స్వరం వచ్చింది. కెనడాలో పాల్ స్పాంగ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వాంకూవర్ అక్వేరియంలో బంధించిన స్కానా అనే ఓర్కా తిమింగలం దగ్గర ప్రయోగాలు చేస్తూ, ఈ జీవులను బంధించడమే తప్పన్న నిర్ణయానికి వచ్చాడు. అణుపరీక్షలను అడ్డుకోవడానికి 1971లో అదే నగరంలో పుట్టిన గ్రీన్‌పీస్ బృందాన్ని తిమింగలాల వైపు తిప్పింది ఆయనే.

1975 జూన్ 27న కాలిఫోర్నియా తీరానికి దూరంగా ఆ బృందం సోవియట్ ఓడ ‘దాల్నీ వోస్తోక్’ను, దాని వేట పడవలను కనిపెట్టింది. గాలి నింపిన రబ్బరు పడవల్లో వెళ్లి వేటగాళ్లకూ స్పెర్మ్ తిమింగలాలకూ మధ్య నిలబడ్డారు. ఒక పడవలో బాబ్ హంటర్, పాల్ వాట్సన్. హార్పూన్ పేలింది. ఉక్కు తాడు వాళ్ల తలల మీదుగా దూసుకెళ్లి తిమింగలానికి తగిలింది. పక్క పడవలోని కెమెరా దాన్ని పట్టుకుంది. ఆ దృశ్యం టీవీల్లో ప్రపంచమంతా తిరిగింది. పాత్రికేయుడైన హంటర్ ఆశించింది అదే. చూసినవాడి మనసులో పేలే చిత్రం వేల పుటల నివేదిక కంటే బలమైనదని ఆయన నమ్మకం. నాకు ముఖ్యంగా అనిపించేది ఇంకొకటి. కనీస పొడవుకంటే చిన్న తిమింగలాలను పట్టకూడదన్న నియమం ఉండగా, ఆ రోజు నీళ్లలో తేలుతున్న ఒక చిన్న కళేబరం ఎక్కి వాళ్లు ఫొటో తీశారు. ప్రభుత్వాల పరిశీలకులు మాత్రమే ఉండగలిగిన చోట, అద్దె చేపలపడవలో వచ్చిన కొద్దిమంది సాక్షులయ్యారు.

ఆ తర్వాత లెక్కలు మారాయి. సేషెల్స్ ప్రతిపాదనతో 1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు. భారతదేశం 1981లో కమిషన్‌లో చేరింది. 1982లో వాణిజ్య వేట విరామానికి అనుకూలంగా 25 ఓట్లు పడ్డాయి, అందులో మనదీ ఒకటి. వ్యతిరేకంగా 7, తటస్థంగా 5. విరామం 1985-86 సీజన్‌నుంచి అమలైంది. దాని ఫలితం కొన్నిచోట్ల కంటికి కనిపిస్తుంది. బ్రెజిల్ వైపు వచ్చే హంప్‌బ్యాక్‌లు 1950లలో 450 దాకా పడిపోయి, ఇప్పుడు 25 వేల వరకు పెరిగాయి. టాంగలూమాలో వేట కేంద్రం ఉన్నచోట ఇవాళ విడిది గృహాలున్నాయి, జనం పడవలెక్కి అవే తిమింగలాలను చూడటానికి వెళుతున్నారు.

ఒప్పందంలో కంతలు మాత్రం మిగిలాయి. అభ్యంతరం తెలిపిన నార్వే తర్వాత 1993లో మింకీ తిమింగలాల వాణిజ్య వేటను మళ్లీ మొదలుపెట్టింది. ఎనిమిదో అధికరణ ప్రకారం ఏ సభ్యదేశమైనా ‘శాస్త్రీయ పరిశోధన’ కోసం తనకు తానే అనుమతి ఇచ్చుకోవచ్చు, చంపిన జంతువును వృథా చెయ్యకుండా వాడుకోవాలి. 1987నుంచి జపాన్ ఆ దారి పట్టింది. అంటార్కిటికాలో పట్టిన మింకీల మాంసం జపాన్ మార్కెట్‌కు చేరేది.

జపాన్‌వైపు మాట వినకుండా తీర్పు చెప్పడం అన్యాయం. వకయామాలోని తైజీ లాంటి ఊళ్లలో 17వ శతాబ్దంనుంచే వల పన్ని తిమింగలాలను పట్టేవారు. యమగుచిలోని నగాతోలో, వేటలో చచ్చిన తల్లుల కడుపులోని పిండాల కోసం 1692లో నిలబెట్టిన స్మారకశిల ఇప్పటికీ ఉంది. చంపినదానికి కర్మ చేసే సంప్రదాయాన్ని క్రూరత్వం అని కొట్టిపారెయ్యడం తేలిక, అర్థం చేసుకోవడం కష్టం. కానీ అంటార్కిటికా వేట ఆ ఊళ్ల ఆచారం కాదు, 1930లలో ఫ్యాక్టరీ ఓడలతో మొదలైనది. యుద్ధంలో ఓడిన దేశం ఆకలితో ఉంటే, 1946లో అమెరికన్ సైనిక పాలకుడు మెకార్థరే ఆ ఓడలను మళ్లీ దక్షిణానికి పంపడానికి అనుమతించాడు. బడి భోజనంలో తిమింగలం మాంసం తిని పెరిగిన తరానికి అది తమను బతికించిన తిండి. ఆ జ్ఞాపకం నిజం. అయితే ఆ తరం తర్వాతివాళ్లు దాన్ని దాదాపు మానేశారు. బయటివాళ్లు వచ్చి తిట్టడం మొదలుపెట్టాక, తిననివాళ్లు కూడా ‘మాకు చెప్పడానికి మీరెవరు’ అన్నారు. ఘర్షణ మార్గం చెల్లించిన మూల్యాల్లో ఇది పెద్దది.

ఆ మార్గానికి పేరు పాల్ వాట్సన్. 1977లో కెనడా మంచు మీద సీళ్ల వేటగాడి చేతిలోని దుడ్డుకర్రను లాక్కుని విసిరేసినందుకు గ్రీన్‌పీస్ ఆయన్ను వెలేసింది. అహింస అంటే ఎదుటివాడి ఆస్తినీ ముట్టకూడదని గ్రీన్‌పీస్ భావన. ప్రాణం తీసే పనిముట్టును విరగ్గొట్టడం హింస కాదని వాట్సన్ వాదన. ఆయన సీ షెపర్డ్ సంస్థ పెట్టాడు. 1979 జులైలో పోర్చుగల్ తీరంలో ‘సియెర్రా’ అనే వేట ఓడను తన ఓడతో గుద్దాడు. ఏ నియమానికీ కట్టుబడకుండా, జెండాలు మార్చుకుంటూ దొరికినదల్లా చంపే ఓడ అది. మరుసటి ఏడాది లిస్బన్ రేవులో పేలుడుతో మునిగిపోయింది. 1986 నవంబరులో ఇద్దరు సీ షెపర్డ్ కార్యకర్తలు రేక్యవిక్ రేవులో రెండు ఐస్‌లాండ్ వేటపడవల అడుగు కవాటాలు విప్పి ముంచేశారు. వీటిలో ఎవరూ చావలేదని ఆ సంస్థ గట్టిగా చెబుతుంది. అది నిజమే. కానీ రేవులో మునిగే ఓడలో ఎవరూ నిద్రపోయి ఉండరన్నది పూర్తిగా మన చేతిలో ఉండే విషయం కాదు. ఆ తెగింపును నేను సమర్థించలేను.

2000ల మధ్యకు వచ్చేసరికి ఆ యుద్ధం అంటార్కిటికాకు చేరింది. జపాన్ తన రెండో విడత పరిశోధనలో ఏటా 850 మింకీలు, 50 ఫిన్‌లు, 50 హంప్‌బ్యాక్‌లు కావాలంది. సీ షెపర్డ్ పడవలు ఆ వేట ఓడలను వెతికి పట్టుకుని, కళేబరాలను పైకి లాగే ఏటవాలు దారికి అడ్డం పడేవి. పాచిపోయిన వెన్న కంపుకొట్టే బ్యూటిరిక్ ఆమ్లం సీసాలను డెక్ మీదికి విసిరేవి, ప్రొపెల్లర్లకు చుట్టుకునేలా తాళ్లు వదిలేవి. జపాన్ ఓడలు నీటి ఫిరంగులతో, చెవులు పగిలే శబ్దయంత్రాలతో ఎదురుదాడి చేసేవి. 2010 జనవరి 6న ‘షోనన్ మారు 2’ గుద్దుడుకు ‘ఏడీ గిల్’ అనే వేగపడవ ముక్కు విరిగిపోయింది. దాని కెప్టెన్ పీట్ బెథూన్ ఫిబ్రవరిలో ఆ జపాన్ ఓడనే ఎక్కి అరెస్టయ్యాడు, టోక్యోలో రెండేళ్ల జైలుశిక్ష పడి, అమలు నిలిపి ఇంటికి పంపారు. మంచుగడ్డల మధ్య, సహాయం వందల మైళ్ల దూరంలో ఉండగా ఇవన్నీ జరిగాయి. 2011 ఫిబ్రవరిలో జపాన్ సీజన్‌ను మధ్యలోనే ఆపింది. ఆ ఏడు పట్టిన మింకీలు 170. 2012-13లో 103. మరోవైపు అమెరికా అప్పీలు కోర్టు ఒకటి 2013లో సీ షెపర్డ్ చేస్తున్నది సముద్రపు దోపిడీయే అని తేల్చింది.

కథ మలుపు తిరిగింది హేగ్ నగరంలో. 2010లో ఆస్ట్రేలియా అంతర్జాతీయ న్యాయస్థానంలో జపాన్ మీద దావా వేసింది, న్యూజీలాండ్ జతకలిసింది. 2014 మార్చి 31న 12-4 మెజారిటీతో తీర్పు వచ్చింది. పరిశోధన పేరుతో చంపడం పూర్తిగా నిషిద్ధమని కోర్టు అనలేదు. ఈ కార్యక్రమంలో కొంత శాస్త్రం ఉందని కూడా ఒప్పుకుంది. అయితే అది అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. మీరు చెప్పిన ప్రయోజనానికి ఇన్ని ప్రాణాలు నిజంగా కావాలా? 2005నుంచి దాదాపు 3,600 మింకీలను చంపితే తోటి శాస్త్రవేత్తలు పరీక్షించి ప్రచురించిన పత్రాలు రెండే చూపగలిగారు. 50 హంప్‌బ్యాక్‌ల లక్ష్యం ఒక్కసారీ ముట్టలేదు, ఏడు సీజన్లలో ఫిన్‌లు 18. తక్కువ పట్టడానికి కారణాల్లో సీ షెపర్డ్ అడ్డంకులను జపాన్ చూపింది, అయినా పరిశోధన సాగుతోందని కూడా చెప్పింది. కోర్టు అక్కడే పట్టుకుంది. ఇంత తక్కువతోనే పని జరుగుతుంటే 850 అన్న సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందని. ఆ అనుమతులను రద్దు చెయ్యాలని జపాన్‌ను ఆదేశించింది.

కార్యకర్తలు తమ రబ్బరు పడవలే తిమింగలాలను కాపాడాయంటారు, న్యాయవాదులు తీర్పే కాపాడిందంటారు. నా మాట అడిగితే, అడ్డగింతవల్ల కొన్ని వందల మింకీలు ఆయా సీజన్లలో బతికాయి. అయితే కార్యక్రమాన్ని కూల్చింది మాత్రం దాని సొంత సంఖ్యలను అందరి ముందూ పెట్టి ప్రశ్నించడం. ఆ కూల్చడం కూడా సంపూర్ణం కాదు. ఒక సీజన్ ఆగి, 2015-16నుంచి ఏటా 333 మింకీల కొత్త పథకంతో జపాన్ మళ్లీ వెళ్లింది. ఉపగ్రహ నిఘా ముందు నిలవలేమని 2017లో సీ షెపర్డ్ విరమించుకుంది. 2019 జూన్ 30న జపాన్ కమిషన్‌నుంచి తప్పుకుని, మరునాడే తన సొంత జలాల్లో వాణిజ్యవేట మొదలుపెట్టింది. అంటార్కిటికాను మాత్రం వదిలేసింది. 2024 జులైలో కొత్త ఫ్యాక్టరీ ఓడ ‘కంగేయ్ మారు’ను అడ్డుకోవడానికి బయలుదేరిన వాట్సన్‌ను గ్రీన్‌లాండ్‌లో, 2010 నాటి ఘటనల మీద జపాన్ ఇచ్చిన వారంటుతో అరెస్టు చేశారు. దాదాపు ఐదు నెలల తర్వాత డెన్మార్క్ ఆయన్ను అప్పగించడానికి నిరాకరించి వదిలేసింది.

లెక్క ఎవరిదన్న ప్రశ్న అన్నివేళలా పరిరక్షకుల పక్షానే ఉండదు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే విలువైన పాఠంగా కనిపించే కథ అలాస్కాది. ఉత్తర ధ్రువప్రాంతంలో ఇన్యుపియాక్ ప్రజలు వెయ్యేళ్లకు పైగా బోహెడ్ తిమింగలాన్ని వేటాడి బతుకుతున్నారు. పట్టిన మాంసాన్ని అమ్మరు, ఊరంతా పంచుకుంటారు. 1977లో కమిషన్ శాస్త్రవేత్తలు బోహెడ్‌లు ఎక్కువలో ఎక్కువ రెండువేలు మాత్రమే ఉండొచ్చని అంచనా వేశారు. దాంతో కమిషన్ ఇన్యుపియాక్‌ల వేటను నిషేధించింది. అంచనా వేసిన పద్ధతి ఏమిటంటే, మంచు అంచున నిలబడి పగుళ్ల మధ్య నీళ్లలో కనిపించినవాటిని లెక్కపెట్టడం. హ్యారీ బ్రవర్ లాంటి పెద్దలు అది తప్పన్నారు. తిమింగలాలు మంచు కిందనుంచి కూడా పోతాయి, తలతో మంచును పగలగొట్టి గాలి పీలుస్తాయి, దూరంగా నీళ్లలోనూ వెళతాయి, మీకు కనిపించేది కొంతేనని చెప్పారు. నవ్వి వదిలెయ్యకుండా స్థానిక ప్రభుత్వం డబ్బు పెట్టి పరీక్షించింది. టామ్ ఆల్బర్ట్ అనే పశువైద్యుడి నాయకత్వంలో మంచు కింద మైకులు దింపి గొంతులు విన్నారు, విమానాలనుంచి చూశారు. వేటగాళ్లు చెప్పిందే నిజమైంది. 2011 అంచనా సుమారు 16,900. కోటా కింద ఏటా కొన్ని పదులు పట్టినా ఆ గుంపు పెరుగుతూ వచ్చింది. పట్టిన కొన్ని తిమింగలాల ఒంట్లో 19వ శతాబ్దపు హార్పూన్ ముక్కలు దొరకబట్టే, ఇవి వందేళ్లు దాటి బతుకుతాయని శాస్త్రానికి తెలిసింది.

అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని మకా తెగవాళ్ల కథ ఇంత బాగా ముగియలేదు. 1855 ఒప్పందంలో తమ భూమిని వదులుకుంటూ తిమింగలాల వేట హక్కును రాతపూర్వకంగా నిలుపుకున్నారు వాళ్లు. 1920లలో, ఇతరుల వాణిజ్యవేట గ్రే తిమింగలాలను తుడిచిపెట్టడం చూసి తమంతట తామే ఆపేశారు. 1994లో ఆ గుంపు కోలుకుని అంతరించే జాతుల జాబితానుంచి బయటపడ్డాక మళ్లీ అనుమతి అడిగారు. 1999 మే 17న ఒక్క తిమింగలాన్ని పట్టారు. సీ షెపర్డ్‌తో సహా ఎన్నో బృందాలు వాళ్ల పడవలను అడ్డుకున్నాయి. బయట కొందరు పట్టిన ప్లకార్డుల్లో తిమింగలాన్ని కాపాడి ఇండియన్‌ను చంపండన్న రాతలు కనిపించాయి. ఫ్యాక్టరీ ఓడ ముందు నిలబడటానికి పుట్టిన పద్ధతిని తెడ్ల పడవ మీద ప్రయోగించడం తప్పు. అక్కడ దాచిన లెక్క లేదు, అబద్ధం లేదు, పగటివెలుగులో అడిగి చేసిన పని అది. వాళ్లకు మళ్లీ అనుమతి దొరకడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు వాదన సంఖ్యలనుంచి చావు నిమిషాలకు మారింది. ఐస్‌లాండ్‌లో ఫిన్ తిమింగలాల వేటకు నిఘా కెమెరాలతో అధికారులను పంపి, 2022లో చంపిన 148 తిమింగలాల వివరాలను ప్రభుత్వ పశువైద్య విభాగం 2023లో ప్రచురించింది. వెంటనే చచ్చినవి 59 శాతం. మిగిలినవి చావడానికి పట్టిన మధ్యస్థ సమయం పదకొండున్నర నిమిషాలు. 36 తిమింగలాలను ఒకటికంటే ఎక్కువసార్లు కాల్చారు. మంత్రి వేటను ఆ వేసవిలో కొంతకాలం ఆపారు, తర్వాత కఠిన నియమాలతో వదిలారు. కదిలే పడవనుంచి కదిలే జంతువు మీద పేల్చే ఏ గ్రనేడూ నమ్మకంగా ప్రాణం తియ్యలేదని ఆ నివేదిక చదివాక నాకు నిశ్చయమైంది. గుంపు ఎంత పెద్దదైనా సరే, మార్కెట్ కోసం అలా చంపడం ఆగాలి. 2024, 2025లలో ఐస్‌లాండ్ కంపెనీ ఫిన్‌ల వేటకు వెళ్లలేదు. 2025లో అది చెప్పిన కారణం, జపాన్‌లో ధర గిట్టకపోవడం.

వేట తగ్గినా తిమింగలాలు మనుషుల చేతిలోనే చస్తున్నాయి. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు నాలుగువందల లోపే ఉన్నాయి. వాటిని చంపుతున్నవి ఎండ్రకాయల బుట్టల తాళ్లు, ఓడల దెబ్బలు. మన దగ్గర శ్రీలంక దక్షిణ కొసన దొండ్ర దగ్గర నీలి తిమింగలాలు మేత మేసే నీళ్లలోంచే ప్రపంచంలోకెల్లా రద్దీ అయిన ఓడదారుల్లో ఒకటి వెళుతుంది. పాక్ జలసంధి లోతు చాలదు కాబట్టి గల్ఫ్‌నుంచి విశాఖకు వచ్చే చమురు ఓడ కూడా ఆ కొసను చుట్టే రావాలి. ఆ దారిని 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపితే గుద్దుళ్ల ప్రమాదం బాగా తగ్గుతుందని శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. ఎంఎస్‌సీ అనే పెద్ద నౌకా కంపెనీ 2022లో తన ఓడలను స్వచ్ఛందంగా అటు మళ్లించింది. మిగతావన్నీ కట్టుబడాలంటే అధికారిక దారే మారాలి. దానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ముందు ప్రతిపాదన పెట్టవలసింది శ్రీలంక ప్రభుత్వం.